కొత్త రెఫరీని ఒంటరిగా ఫీల్డ్‌లోకి పంపకండి: మన సాకర్ లీగ్ బోర్డుకు, కోచ్‌లకు, తెలుగు తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

లీగ్ బోర్డు సభ్యులకు, కోచ్‌లకు, శనివారం పొద్దున్నే మడత కుర్చీలు పట్టుకుని ఫీల్డ్‌కి వచ్చే మన తెలుగు తల్లిదండ్రులకు,

నమస్కారం.

బే ఏరియాలో మన పిల్లలు ఆడే ఈ లీగ్‌లో నేను ఏడేళ్ళుగా వాలంటీర్ రెఫరీని. మా అమ్మాయి అండర్-8లో ఉన్నప్పుడు, జట్టు తరఫున ఒక్క రెఫరీ అయినా లేకపోతే పాయింట్లు పోతాయని కోచ్ గారు బతిమాలితే విజిల్ పట్టుకున్నాను. అమ్మాయి ఇప్పుడు హైస్కూల్ జట్టుకి వెళ్ళిపోయింది. నేను ఇక్కడే ఉండిపోయాను, ఈ పని నాకు ఇష్టం కాబట్టి.

బోర్డులో ఉన్నవాళ్ళంతా పైసా తీసుకోకుండా, ఆఫీసు పని ముగించుకుని రాత్రి పదింటికి షెడ్యూళ్ళు వేస్తారని నాకు తెలుసు. ఆ గౌరవం ఉంచుకునే రాస్తున్నాను.

కొత్త రెఫరీలకు మొదటి కొన్ని మ్యాచ్‌లలో పక్కన ఒక మెంటర్, అంటే పక్కనుండి నేర్పే అనుభవమున్న రెఫరీ, ఉండాలని కిందటి ఆగస్టులో బోర్డుకి ఈమెయిల్ పంపాను. జవాబు లేదు. అక్టోబరులో జరిగిన సంగతి చెబుతూ మళ్ళీ రాశాను. జవాబు లేదు. జనవరి సమావేశంలో మూడు నిమిషాలు మాట్లాడనిచ్చారు. "పరిశీలిస్తాం" అన్నారు. ఆ ఒక్క మాట కూడా సమావేశం రికార్డులో (మినిట్స్‌లో) రాయలేదు. స్ప్రింగ్ సీజన్ కూడా అయిపోయింది. ఆగస్టు రెండో శనివారం మళ్ళీ కొత్త రెఫరీల క్లాసు పెడుతున్నట్టు ప్రకటన వచ్చింది. మళ్ళీ అదే తంతు జరగకూడదని ఈ ఉత్తరం అందరి ముందూ పెడుతున్నాను.

తెలుగులో ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. దానికి అక్టోబరులో ఏం జరిగిందో చెప్పాలి.

ఆ రోజు అండర్-10 అమ్మాయిల మ్యాచ్. రెఫరీ పద్నాలుగేళ్ళ కుర్రాడు. విజిల్ పట్టుకోవడం అతనికి అది మూడోసారి. నేను పక్క ఫీల్డ్‌లో నా మ్యాచ్ ముగించి నీళ్ళు తాగుతూ చూస్తున్నాను. త్రో-ఇన్‌లో, అంటే గీత బయటి నుంచి చేతులతో లోపలికి, విసిరిన బంతి నేరుగా డిఫెండర్ల వెనక నిలబడ్డ అమ్మాయికి అందింది. ఆ పిల్ల గోల్ కొట్టింది. కుర్రాడు గోల్ ఇచ్చాడు. అతను ఇచ్చింది నూటికి నూరుపాళ్ళు సరైన నిర్ణయం. డిఫెండర్లని దాటి ముందే నిలబడి తోటి ఆటగాడు పంపిన బంతి అందుకుంటే మామూలుగా ఆఫ్‌సైడ్ అనే తప్పు. కానీ త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ కిక్, ఈ మూడింటి నుంచి నేరుగా వచ్చిన బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదు. సాకర్ నియమాలు 17. అందులో పదకొండోది ఇదే చెబుతుంది.

కానీ సైడ్‌లైన్ అంతా "ఆఫ్‌సైడ్! ఆఫ్‌సైడ్!" అని లేచింది. కోచ్ గీత దాటి నాలుగడుగులు లోపలికి వచ్చి, చేతులు ఊపుతూ అరిచాడు. కుర్చీల వరసలోంచి తెలుగులో మాటలు వచ్చాయి. "వీడికి అసలు కళ్ళు కనపడుతున్నాయా?" అని ఒకరు. "రూల్స్ తెలీని వెధవని ఎవడు తెచ్చాడ్రా ఇక్కడికి?" అని ఇంకొకరు. చుట్టూ ఉన్న నలుగురు నవ్వారు. పసుపు చొక్కా, టోపీ వేసుకుని దూరంగా నిలబడ్డ ఆ పిల్లాడు తెలుగువాడని వాళ్ళకి తట్టలేదు.

తర్వాత ఇరవై నిమిషాలు ఆ విజిల్ సరిగ్గా మోగలేదు. కళ్ళెదుట ఫౌల్ జరిగినా ఊదడానికి భయపడ్డాడు. ఊదితే ఒకవైపు అరుస్తారు, ఊదకపోతే రెండోవైపు అరుస్తారు. మ్యాచ్ అయ్యాక పార్కింగ్ లాట్‌లో నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, వాళ్ళన్నది నాకు అర్థమైంది. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మరుసటి వారం అతను రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. విజిల్, జెండాలు, కార్డులు ఒక కవర్లో పెట్టి వాళ్ళ నాన్నగారు తెచ్చి టేబుల్ మీద పెట్టి వెళ్ళారు.

ఆ మాటలన్నవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. అందులో ఇద్దరు నాకు తెలుసు. ఒకావిడ ఉగాదికి వందమందికి పులిహోర చేసి తెచ్చే మనిషి. ఆ రోజు వాళ్ళకి ఆఫ్‌సైడ్ రూల్ తెలీదు. రెఫరీకి తెలుగు వచ్చని తెలీదు. కానీ ఆ పిల్లాడి పక్కన పెద్దవాళ్ళెవరూ లేరని లీగ్‌కి తెలుసు. షెడ్యూల్ షీట్‌లో "మెంటర్" అని ఒక గడి ఉంది. ఆ రోజు అది ఖాళీ. సీజన్ మొత్తం ఆ వరస కిందికి చూసుకుంటూ వెళ్ళాను. దాదాపు అన్ని గడులూ ఖాళీయే.

కొత్త రెఫరీకి మనం ఇచ్చే శిక్షణ ఎంత? ఆన్‌లైన్‌లో కొన్ని గంటల పాఠాలు, ఒక శనివారం ఫీల్డ్ మీద సాధన, చివర ఒక పరీక్ష. అందులో చెప్పేది తక్కువేమీ కాదు. పెద్దల ఆట నియమాలకి తోడు చిన్నపిల్లల ఆటకి ప్రత్యేకమైన మార్పులు చాలా ఉన్నాయి. అండర్-10లో జట్టుకి ఏడుగురు, సైజు 4 బంతి, 25 నిమిషాల చొప్పున రెండు భాగాలు. గోల్‌కీపర్ బంతిని చేతిలోంచి వదిలి గాల్లోకి తన్నకూడదు. బంతి కీపర్ చేతిలో ఉన్నప్పుడు అవతలి జట్టు బిల్డ్-అవుట్ లైన్ (సెంటర్ లైన్‌కి, పెనాల్టీ ఏరియాకి మధ్య గీసే గీత) వెనక్కి వెళ్ళాలి. ఆఫ్‌సైడ్ కూడా సెంటర్ లైన్ నుంచి కాకుండా ఆ లైన్ నుంచే లెక్క. పదేళ్ళు, అంతకన్నా చిన్నపిల్లలు కావాలని తలతో బంతి ఆడితే అవతలి జట్టుకి ఇండైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేని కిక్). అండర్-12కి వెళ్తే తొమ్మిదిమంది, 30 నిమిషాల భాగాలు. పిల్లలు ఇవన్నీ బట్టీ పట్టి పరీక్ష పాసవుతారు. మన పిల్లలకి పరీక్షలు కొత్త కాదు.

ఏ పరీక్షా నేర్పలేనివి వేరే ఉన్నాయి. విజిల్ ఎంత గట్టిగా ఊదాలి, ఊదాక ఎంతసేపు ఆగి చెయ్యి చూపించాలి, ఏడుస్తున్న గోల్‌కీపర్‌తో ఏం మాట్లాడాలి, తప్పు నిర్ణయం ఇచ్చానని రెండు క్షణాల తర్వాత తనకే తెలిస్తే మొహం ఎలా పెట్టుకోవాలి, తన నాన్న వయసున్న కోచ్ మీదికి వస్తుంటే ఎక్కడ నిలబడాలి. ఇవి పక్కన ఒక మనిషి ఉంటేనే వస్తాయి.

ఇలా వదిలేయడం వల్ల మామూలు కుటుంబాలకి ఏం నష్టం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. కొత్తవాళ్ళు నిలవడం లేదు. నేను సాయం చేసిన క్లాసులో పోయిన ఏడాది చేరినవాళ్ళు స్ప్రింగ్‌కి సగం మంది కూడా మిగల్లేదు. ఇది మన ఒక్కరి సమస్యే కాదు. హైస్కూల్ ఆటల జాతీయ సమాఖ్య లెక్క ప్రకారం 2018-19 తర్వాత కొద్ది ఏళ్ళలోనే దేశంలో సుమారు 50 వేల మంది అఫీషియల్స్ (రెఫరీలు, అంపైర్లు) తప్పుకున్నారు. అఫీషియల్స్ జాతీయ సంఘం 2017లో చేసిన సర్వేలో 17 వేల మందికి పైగా జవాబిచ్చారు. ఆటల్లో మర్యాద తగ్గిపోతోందని అందులో 57 శాతం మంది అన్నారు. ఎక్కువ ఇబ్బంది ఎవరి వల్ల అని అడిగితే అందరికన్నా ముందు వచ్చిన పేరు తల్లిదండ్రులది.

2. రెఫరీ లేక మ్యాచ్‌లు పోతున్నాయి. స్ప్రింగ్‌లో ఒక ఆదివారం మౌంటెన్ హౌస్ నుంచి ఆల్టమాంట్ కొండలు దాటుకుని ఒక జట్టు వచ్చింది. ఇండియా నుంచి వచ్చిన తాతయ్య, అమ్మమ్మ మనవరాలి ఆట చూడాలని వెనక సీట్లో కూర్చుని వచ్చారు. రెఫరీ రాలేదు. ఇద్దరు కోచ్‌లూ మాట్లాడుకుని ఒక తండ్రికి విజిల్ ఇచ్చారు. పది నిమిషాలకే గొడవై ఆట ఆపేశారు. ఆన్-కాల్ డ్యూటీ మార్చుకుని వచ్చిన ఒక నర్సు ఆ రోజు నా పక్కనే నిలబడి ఉంది. వాళ్ళకి ఆ వారంలో దొరికిన ఖాళీ పూట అదొక్కటే.

3. పిల్లలకి దెబ్బలు తగులుతున్నాయి. ఈ పాయింటు దగ్గర బోర్డు కాసేపు ఆగి ఆలోచించాలని నా మనవి. కాలిఫోర్నియాలో 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్న పిల్లల్ని యూత్ లీగ్‌లు ఆ రోజంతా ఆటకి దూరంగా ఉంచాలి, డాక్టరు రాసిచ్చేదాకా తిరిగి ఆడనివ్వకూడదు. నేను చూసిన ఒక మ్యాచ్‌లో ఇద్దరు అమ్మాయిల తలలు ఢీకొన్నాయి. కొత్త రెఫరీ, పదిహేనేళ్ళ అమ్మాయి, ఆట ఆపింది. అంతవరకూ సరిగ్గా చేసింది. కోచ్ వచ్చి "ఏమీ కాలేదు, కానివ్వు" అన్నాడు. దెబ్బ తగిలిన పిల్ల కళ్ళు తిరుగుతున్నాయని పక్కనున్న పిల్లతో చెబుతోంది. రెఫరీ పెద్దాయన మాటకి ఎదురు చెప్పలేక ఆట మొదలుపెట్టింది. నేను పరిగెత్తుకెళ్ళి ఆపించాను. నేను అక్కడ ఉండటం కేవలం యాదృచ్ఛికం. అక్కడ ఒక మెంటర్ ఉండి ఉంటే, "ఆ పిల్ల బయటికి రావాలి" అనే మాట ఆ అమ్మాయి నోటితోనే చెప్పించేవాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి జీవితమంతా ఆ మాట చెప్పగలిగేది.

4. ఖర్చు పెరుగుతుంది. వాలంటీర్లు చాలకపోతే డబ్బిచ్చి రెఫరీలని తెచ్చుకోవాలి. ఆ డబ్బు ఫీజులోంచే వస్తుంది. మన లీగ్‌లో హెచ్-4 (ఉద్యోగి మీద ఆధారపడి వచ్చినవాళ్ళ) వీసా మీద ఉండి ఒక్క జీతంతో ఇల్లు నడుపుకునే కుటుంబాలున్నాయి, రెస్టారెంట్లలో, గిడ్డంగుల్లో పనిచేసే లాటినో కుటుంబాలున్నాయి. క్లబ్ సాకర్‌కి వేలకి వేలు కట్టలేక ఇక్కడికి వచ్చినవాళ్ళు వాళ్ళు. ఫీజు పెరిగితే మొదట ఆగిపోయేది వాళ్ళ పిల్లలే.

5. ఆడపిల్లలు ముందు మానేస్తున్నారు. నేను గమనించింది ఇది. క్లాసులో మొదటి బెంచీలో కూర్చుని అన్నిటికీ చెయ్యెత్తిన అమ్మాయిలు రెండో నెలకి కనపడటం లేదు.

6. అరుపులు అరుపుల దగ్గరే ఆగుతాయన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని ఆల్మేరెలో, తన కొడుకు ఆడుతున్న యూత్ మ్యాచ్‌కి వాలంటీర్‌గా జెండా పట్టుకున్న ఒక తండ్రిని కుర్రాళ్ళు కొట్టారు. ఆయన చనిపోయారు. మరుసటి ఏడాది మన దేశంలోనే యూటాలో, యెల్లో కార్డు చూపించినందుకు పదిహేడేళ్ళ ఆటగాడు కొట్టిన దెబ్బకి ఒక రెఫరీ ప్రాణం పోయింది. మన ఫీల్డ్‌లో అలా జరుగుతుందని భయపెట్టడానికి చెప్పడం లేదు. గీత దాటి లోపలికి వచ్చిన ఆ నాలుగడుగుల్ని తేలిగ్గా తీసుకోవద్దని చెబుతున్నాను.

మెంటర్ అంటే ఏం చేస్తాడో బోర్డులో కొందరికి స్పష్టంగా తెలియదేమో అనిపించింది జనవరిలో. "క్లాసులో అన్నీ చెబుతున్నాం కదా" అని ఒకరు అన్నారు. నాకు తెలిసింది చెబుతాను, నా మొదటి సీజన్‌లో నాకు ఒక మెంటర్ దొరికారు కాబట్టి.

ఆయన రిటైరైన పోస్టల్ ఉద్యోగి. మోకాళ్ళు పోయి పరిగెత్తలేక విజిల్ వదిలేశారు. నా మ్యాచ్‌కి అరగంట ముందే వచ్చేవారు. ఇద్దరం ఫీల్డ్ అంతా ఒకసారి నడిచేవాళ్ళం. గోల్ పోస్టులు పట్టుకుని కదిపి చూసేవారు, నేలకి బిగించి ఉన్నాయా లేదా అని. నెట్‌లో చిరుగులు, గడ్డిలో గోఫర్లు తవ్విన గుంటలు చూపించేవారు. మొదటి రెండు వారాలు నన్ను మధ్యలోకి పంపలేదు. జెండా ఇచ్చి సైడ్‌లైన్ మీద నిలబెట్టారు. అక్కడ ఆట ఎంత వేగంగా వస్తుందో కళ్ళకి అలవాటైంది. తర్వాత అండర్-8, ఆ తర్వాతే అండర్-10.

ఆట నడుస్తుండగా ఆయన ఒక్క మాట కూడా మాట్లాడేవారు కాదు. బయటి నుంచి కేకలేసి నేర్పడం ఆయనకి అస్సలు నచ్చదు. హాఫ్ టైమ్‌లో రెండే మాటలు. ఒకటి, నేను బాగా చేసింది. రెండు, తర్వాతి భాగంలో మార్చుకోవాల్సింది ఒక్కటంటే ఒక్కటి. మొదటి మ్యాచ్‌లో చెప్పింది విజిల్ గురించి. నీ చెవికి వినపడితే చాలదు, అవతలి చివరనున్న గోల్‌కీపర్‌కి వినపడాలి అన్నారు. మిగతా పది తప్పులు ఆయన కంట్లో పడే ఉంటాయి. వాటిని మరో వారానికి అట్టేపెట్టారు. ఒక కోచ్ నా మీద అరుస్తుంటే, ఏమీ అనకుండా వెళ్ళి ఆ కోచ్ పక్కన నిలబడ్డారు. అంతే. అరుపు ఆగిపోయింది. మ్యాచ్ అయ్యాక చెట్టు కింద రెండు ప్రశ్నలు అడిగేవారు: ఈ రోజు నువ్విచ్చిన నిర్ణయాల్లో నీకు నచ్చింది ఏది? మళ్ళీ అదే సందర్భం వస్తే ఏది వేరేగా చేస్తావు? జవాబు నేనే వెతుక్కోవాలి. ఆయన చెప్పరు.

మాది పల్నాడు. కొత్త గిత్తని కాడికి కట్టేటప్పుడు మా నాన్న ఎప్పుడూ దానికి జతగా మరో కొత్త గిత్తని కట్టేవారు కాదు. దున్నడం అలవాటైన ఎద్దుని పక్కన కట్టేవారు. నాలుగు చాళ్ళు తిరిగేసరికి గిత్తకి అడుగు పడేది. ఆ రిటైరైన పెద్దాయన నాకు చేసింది అదే. నేను ఏడేళ్ళు నిలబడ్డానంటే ఆయన నిలబడ్డ ఆ అయిదు శనివారాల వల్లే.

ఇక బోర్డు నుంచి వినవచ్చిన అభ్యంతరాలు.

మనుషులు లేరంటారు. లెక్క చూద్దాం. ఒక మెంటర్ ఇద్దరు కొత్తవాళ్ళని తీసుకుంటే, ఒక్కొక్కరికి అయిదు మ్యాచ్‌లు, మొత్తం పది గంటలు. పది వారాల సీజన్‌లో వారానికి ఒక గంట. దానికి పెద్ద బ్యాడ్జీలున్న రెఫరీలే అక్కర్లేదు. రెండు సీజన్లు చేసి, నెమ్మదిగా మాట్లాడగలిగినవాళ్ళు చాలు. మోకాళ్ళు, నడుములు పట్టేసి ఇంట్లో కూర్చున్న పాత రెఫరీలని ఎవరైనా అడిగారా? అసలు మనుషులు రాకపోవడానికి కారణం వేరే ఉందని నా అభిప్రాయం. మన లీగ్‌లో మ్యాచ్ చేస్తే రెఫరీ జట్టుకి వాలంటీర్ పాయింటు వస్తుంది. మెంటర్‌గా నిలబడితే రాదు. ప్లేఆఫ్స్‌కి పాయింట్లు కావలసిన జట్టు తమ రెఫరీని మెంటర్‌గా ఎందుకు పంపుతుంది? ఆ గడి ఖాళీగా ఉండటానికి ఇదే కారణం.

కాగితాల పని ఎక్కువ, మైనర్లతో పెద్దవాళ్ళని కలిపితే చిక్కులొస్తాయి అని ఇంకో మాట. పిల్లల భద్రత విషయంలో జాగ్రత్త పడటం సరైనదే, నేను కూడా అదే కోరుకుంటాను. కానీ ఈ రాష్ట్రంలో 2022 జనవరి 1 నుంచి యూత్ సంస్థల్లో క్రమం తప్పకుండా పనిచేసే, 18 దాటిన వాలంటీర్లకి వేలిముద్రల తనిఖీ, శిక్షణ తప్పనిసరి. మన పెద్దవయసు రెఫరీలు, కోచ్‌లు ఆ పని ఇప్పటికే చేయించుకున్నారు. మిగిలింది మామూలు జాగ్రత్తలే. మాటలన్నీ ఫీల్డ్ మీద, అందరి కళ్ళెదుట. పిల్లలకి మెసేజ్ పంపితే అందులో తల్లిదండ్రులు కూడా ఉండాలి. ఒంటరిగా కార్లో ఎక్కించుకుని దిగబెట్టడాలు ఉండకూడదు.

వాలంటీర్లతో నాణ్యత సాధ్యం కాదనే మాట కూడా విన్నాను. 1964లో దక్షిణ కాలిఫోర్నియాలో మొదలైన అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ ఇన్ని దశాబ్దాలుగా వాలంటీర్ కోచ్‌లతో, వాలంటీర్ రెఫరీలతోనే దేశమంతా ఆడిస్తోంది. పని చెయ్యదగిన పద్ధతే ఇది. పద్ధతిలో మనిషి పక్కన మనిషి ఉండాలి, అంతే.

బోర్డుని నేను కోరేవి ఇవి:

1. ప్రతి కొత్త రెఫరీకి, వయసు పద్నాలుగైనా నలభై అయినా, మొదటి అయిదు మ్యాచ్‌లకి ఒక మెంటర్ ఉండాలి. వీలైనంతవరకు అయిదింటికీ ఒకే మనిషి. మెంటర్ పేరు లేకుండా ఆ మ్యాచ్ షెడ్యూల్‌లో ఖరారు కాకూడదు.

2. మెంటర్‌గా నిలబడిన గంటని రెఫరీ చేసిన మ్యాచ్‌తో సమానంగా లెక్కించి జట్టుకి పాయింటు ఇవ్వాలి. ఈ ఒక్కటి చేస్తే మొదటిది దానంతట అదే నడుస్తుంది.

3. మెట్లు పాటించాలి. మొదటి రెండు మ్యాచ్‌లు జెండాతో, తర్వాత అండర్-8, తర్వాత అండర్-10. మొదటి సీజన్‌లో ఎవరినీ అండర్-12 మధ్యలో నిలబెట్టకూడదు. "ఈ ఒక్క వారం సర్దుకో" అనే ఫోన్లు ఆగాలి.

4. 18 ఏళ్ళలోపు రెఫరీలకి దూరం నుంచి కూడా కనపడే రంగు ఆర్మ్‌బాండ్ ఇవ్వాలి. ఇంగ్లాండులో కొన్ని కౌంటీలలో ఈ పద్ధతి ఉంది. నోరు తెరిచేముందు ఎదురుగా ఉన్నది ఒక పిల్లాడని గుర్తొస్తుంది.

5. అతిగా ప్రవర్తించిన కోచ్‌ని, తల్లిదండ్రుల్ని ముందు అడగడం, తర్వాత హెచ్చరించడం, ఆ తర్వాత పంపించేయడం అనే మూడు మెట్ల పద్ధతి మన క్లాసులో చెబుతాం. మైనర్ రెఫరీ ఉన్న మ్యాచ్‌లో ఆ పని మెంటరో ఫీల్డ్ కోఆర్డినేటరో చెయ్యాలి. రెఫరీలని వేధించడం మీద యూఎస్ సాకర్ ఫెడరేషన్ కొత్త విధానం 2025 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. రెఫరీ మైనర్ అయితే శిక్ష ఇంకా పెంచారు. మన లీగ్‌లో ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుందో ఒక్క పేజీలో రాసి ప్రతి కుటుంబానికి పంపండి. అక్టోబరు సంఘటన మీద నేనిచ్చిన ఫిర్యాదు ఏమైందో నాకు ఈ రోజుకీ తెలియదు.

6. మానేసిన ప్రతి కొత్త రెఫరీకి ఎవరో ఒకరు ఫోన్ చేసి ఎందుకు మానేశారో అడగాలి. ఆ కుర్రాడికి లీగ్ నుంచి ఒక్క ఫోన్ కూడా వెళ్ళలేదు.

కోచ్‌లకి ఒక్కటే చెప్పాలి. మ్యాచ్‌కి ముందు వెళ్ళి రెఫరీ పేరు అడగండి, మీ పేరు చెప్పండి. పేరు తెలిసిన పిల్లాడి మీద అరవడం కష్టం. మీ వైపు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ నోటికి మీరే బాధ్యులని మీ ఒప్పంద పత్రంలో ఉంది, దాని మీద మీరు సంతకం పెట్టారు.

మన తెలుగువాళ్ళతో కాస్త ఎక్కువ మాట్లాడాలి. మనలో చాలామంది సాకర్ ఆడుతూ పెరగలేదు. మనకి క్రికెట్ తెలుసు, కబడ్డీ తెలుసు. ఈ ఆట మన పిల్లల ద్వారానే మనకి పరిచయమైంది. అందులో చిన్నతనమేమీ లేదు. కాకపోతే తెలియని ఆటలో తీర్పులు ఇచ్చేముందు కొంచెం తెలుసుకుందాం. త్రో-ఇన్ మీద ఆఫ్‌సైడ్ ఉండదు. బంతి వచ్చి చేతికి తగిలిన ప్రతిసారీ హ్యాండ్ బాల్ కాదు. అండర్-10లో సెంటర్ లైన్ దాటి నిలబడ్డంత మాత్రాన ఆఫ్‌సైడ్ కాదు, బిల్డ్-అవుట్ లైన్ ఎక్కడుందో చూడండి. ఫౌల్ జరిగినా రెఫరీ ఊదలేదంటే, బంతి మన జట్టు దగ్గరే ఉంది కాబట్టి ఆట ఆపకుండా సాగనిచ్చి (దీన్నే అడ్వాంటేజ్ అంటారు) ఉండొచ్చు. ఈ నాలుగూ తెలిస్తే సైడ్‌లైన్ అరుపుల్లో చాలా భాగం పోతాయి.

తెలుగులో అంటే ఎవరికీ అర్థం కాదులే అనుకోకండి. ఈ ఊళ్ళో పసుపు చొక్కాల్లో తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. ఒకవేళ రెఫరీ మెక్సికన్ పిల్లో చైనీస్ పిల్లాడో అయినా, మీ పక్కన కూర్చుని స్నాక్స్ తింటున్న మీ చిన్నోడికి తెలుగు వచ్చు. వాడు వింటున్నాడు.

వాలంటీర్ గంటలు కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తాయని పిల్లల్ని రెఫరీ క్లాసులో చేర్పిస్తున్నారు. చేర్పించండి, మంచిదే. కానీ ఫీల్డ్ దగ్గర దింపేసి కాస్ట్‌కోకి వెళ్ళిపోకండి. మొదటి రెండు మూడు వారాలు అక్కడే ఉండండి. అవతలి గట్టున మౌనంగా కూర్చోండి చాలు. మీ పిల్లాడు హాఫ్ టైమ్‌లో ఒక్కసారి మీవైపు చూస్తాడు. ఆ చూపుకి జవాబుగా మీరక్కడ కనపడాలి. ఇంకా వీలైతే మీరే క్లాసుకి రండి. నేను మొదటిసారి విజిల్ పట్టుకునేనాటికి ఒక్క సాకర్ మ్యాచ్ కూడా పూర్తిగా చూసి ఎరగను.

ఈ ఉత్తరం రాసేముందు ఊరికే ఉండలేదు. మెంటర్లుగా నిలబడతామని ఏడుగురు రెఫరీలు నాకు పేర్లిచ్చారు. అందులో ముగ్గురు పరిగెత్తలేనివాళ్ళు, గంటసేపు నిలబడగలరు. ఆ జాబితా, ఒక్కొక్కరికి ఏ శనివారం వీలవుతుందో సహా, బోర్డు ఈమెయిల్‌కి పంపాను. జూలై 31 లోపు రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆగస్టు క్లాసులో చేరబోయే పిల్లల తల్లిదండ్రులకి ఆ జవాబు నేను చూపించాలి.

అక్టోబరులో మానేసిన కుర్రాడి ఇంటికి పోయిన ఆదివారం వెళ్ళాను. వాళ్ళమ్మ గారు కాఫీ ఇచ్చారు. అతను చాలాసేపు పైనుంచి దిగలేదు. దిగి వచ్చాక, మళ్ళీ రమ్మని నేను అడగలేదు. త్రో-ఇన్ మీద నువ్విచ్చిన గోల్ సరైనదే, అది చెబుదామని వచ్చాను అన్నాను. కాసేపటికి అతనే అడిగాడు: "మీరు పక్కన నిలబడతారా ఆంటీ? అయితే ఒక్క మ్యాచ్‌కి వస్తాను."

నిలబడతానని మాటిచ్చాను. ఫాల్ సీజన్ మొదటి శనివారం, అండర్-10, ఏ ఫీల్డ్, ఎన్ని గంటలకో బోర్డు చెప్పాలి. షెడ్యూల్ షీట్‌లో ఆ మ్యాచ్ పక్కనున్న మెంటర్ గడిలో నా పేరు రాయండి.

ఇట్లు,
ఏడేళ్ళుగా మీతోపాటు ఫీల్డ్ మీద ఉన్న ఒక వాలంటీర్ రెఫరీ, ఒక తల్లి